అద్దాల పెట్టె బయట... ఓ తోడు!

నెలలు నిండకుండానే కాన్పు. బిడ్డ బరువు కిలోన్నర కూడా లేదు. పుట్టీపుట్టగానే ఎన్‌ఐసీయూకి తరలించారు. ముక్కులో సన్నటి గొట్టం, ఒంటికి వైర్లు, క్షణక్షణం మోగే మానిటర్. పొత్తిళ్లలో ఉండాల్సిన పసిగుడ్డును అద్దంలోంచి చూసే ఆ తల్లి వేదన చెప్పతరమా! దానికితోడు 'బరువులేమైనా ఎత్తావా? ప్రయాణాలు చేశావా?' అంటూ చుట్టాల ఆరాలు. తప్పు తనదేనేమోనని బాలింత కుమిలిపోతుంది. మందులకీ డబ్బుకీ పరుగులుపెట్టే తండ్రికైతే ఏడ్చే తీరిక కూడా ఉండదు.

అలాంటప్పుడు 'మా బాబూ ఇలాగే పుట్టాడు. నలభై రోజులు ఈ వరండాలోనే గడిపాం' అంటూ ఒక్కరు పక్కన కూర్చుంటే..? అదే కొండంత ధైర్యం. ఆ ధైర్యాన్ని పంచేవే ఎన్‌ఐసీయూ తల్లిదండ్రుల బృందాలు.

బ్రిటన్‌లో 1979లో కొందరు తల్లిదండ్రులు కలిసి 'బ్లిస్' సంస్థను స్థాపించారు. ఆసుపత్రుల్లో ఈ పసికందులకు కావాల్సిన పరికరాలూ శిక్షణ పొందిన సిబ్బందీ చాలినంత లేరన్న ఆవేదనే దానికి మూలం. అదే ఏడాది ఎస్తోనియాలో మరో మార్పు. నర్సుల కొరతతో డాక్టర్ ఆదిక్ లెవిన్ బిడ్డల సంరక్షణను తల్లులకే అప్పగించారు. ఆ స్ఫూర్తితో కెనడా వైద్యులు మరో అడుగు ముందుకేశారు. తల్లిదండ్రులకు రోజూ పాఠాలు చెప్పడమే కాదు, గతంలో ఆ వార్డులో గడిపి వెళ్లినవారిని తోడుగా రప్పించారు. ఈ పద్ధతిని కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 26 ఎన్‌ఐసీయూల్లో పరీక్షించగా బిడ్డలు బాగా బరువు పెరిగారు, అమ్మానాన్నల్లో ఒత్తిడీ ఆందోళనా తగ్గాయి. 2018లో వెలువడిన ఫలితాలివి.

మనదేశంలోనూ ఈ దిశగా కదలిక వచ్చింది. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి అనుభవంతో కేంద్రం 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. చేతులు శుభ్రం చేసుకోవడం, పిండిన పాలు పట్టడం, బిడ్డను ఛాతీకి హత్తుకునే కంగారూ పద్ధతి, ప్రమాద సంకేతాలు గుర్తించడం... ఇవన్నీ ఇంటివాళ్లకు నేర్పాలన్నది వాటి సారాంశం. ఒకే కష్టంలో ఉన్నవారు ఒకచోట కూర్చుని నేర్చుకుంటుంటే మాటలూ కలుస్తాయి, మనసులూ తేలికపడతాయి.

అయితే ఒక్క జాగ్రత్త. బృందం ఉన్నది ధైర్యం కోసమే, వైద్యం కోసం కాదు. 'మా పాపకు ఆ మందు వాడారు' అన్నది డాక్టరు సలహా కాబోదు. పక్కబిడ్డ బరువుతో పోలికలూ వద్దు. బిడ్డను పోగొట్టుకున్నవారి దుఃఖం వేరు. వారిని 'మళ్లీ పుడతార్లే' అని ఓదార్చడం కన్నా, చెప్పుకున్నంతసేపూ వినడం మేలు.

2020లో ప్రపంచవ్యాప్తంగా 1.34 కోట్ల మంది నెలలు నిండకుండా పుట్టారని అంచనా. మనదేశంలోనే దాదాపు 30 లక్షలు! ఏటా నవంబరు 17న ప్రపంచ ప్రిమెచ్యూరిటీ దినోత్సవం. తొమ్మిది జతల మామూలు మేజోళ్ల మధ్య ఒక బుజ్జి ఊదారంగు జత దాని గుర్తు. పదిమందిలో ఒకరన్నమాట.

మీ వీధిలోనూ అలా పుట్టిన బిడ్డ ఉండొచ్చు. బారసాల ఎప్పుడని అడక్కండి. ఆసుపత్రికి ఓ క్యారియర్ పంపండి. మీ బిడ్డా ఆ అద్దాల పెట్టెలోంచే ఇంటికొచ్చుంటే... వెళ్లి ఆ తల్లి పక్కన కాసేపు కూర్చోండి!