కీమో మధ్యలో గాల్ బ్లాడర్ ఆపరేషన్: భయం కన్నా దాపరికమే ప్రమాదం



"సిస్టర్, ఇప్పటికే కీమో నడుస్తున్నది. ఇప్పుడు గాల్ బ్లాడర్ ఆపరేషన్ గూడ అంటున్నరు. మా అమ్మ తట్టుకుంటదా?" వార్డులో మేము తరచుగా వినే ప్రశ్న ఇది. అడిగేవారిలో చిక్కడపల్లి, నారాయణగూడ ఇళ్లవారు ఉంటారు. జిల్లాల నుండి వచ్చి, అశోక్‌నగర్‌లో చదువుకునే పిల్లల గదిలోనే ఉంటూ వైద్యం చేయించుకునే తల్లిదండ్రులూ ఉంటారు.

మేము డాక్టర్లము కాము, నర్సులము. ఆపరేషన్ చేయాలా వద్దా అని నిర్ణయించేది మేము కాదు. అయితే ఇన్నేళ్లుగా రోగి మంచం పక్కన నిలబడి చూసినందువల్ల మాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. కీమో నడుస్తుండగా గాల్ బ్లాడర్ జబ్బు వచ్చినవారికి కత్తి కన్నా, మత్తు కన్నా ఎక్కువ హాని చేసేది దాపరికం. సర్జన్‌కు క్యాన్సర్ సంగతి చెప్పకపోవడం, క్యాన్సర్ డాక్టరుకు కడుపునొప్పి సంగతి చెప్పకపోవడం, రోగికి అసలేమీ చెప్పకపోవడం, ఇవి మూడూ దాపరికాలే.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకుంటాము. కొన్నేళ్ల క్రితం ఒక తల్లి మా దగ్గరకు వచ్చారు. ఎవరో గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాము. కొడుకు గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఉండేవాడు. అశోక్‌నగర్‌లో అతని గదిలోనే తల్లి ఉండి, నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నారు. భోజనం చేసిన తరువాత కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చి భుజం వరకు పాకేది. గ్యాస్ నొప్పి అనుకుని మందుల షాపులో మాత్రలు కొని వేసుకుంటూ వచ్చారు. మూడవ కీమో అయిన పదవ రోజున జ్వరం, పసరు వాంతులతో మా ఆసుపత్రికి వచ్చారు.

మా నర్సు అలవాటు ప్రకారం "షుగర్ ఉందా? బీపీ ఉందా?" అని అడిగింది. "లేవమ్మా" అన్నారు ఆమె. అది నిజమే. "క్యాన్సర్ అని చెబితే చేర్చుకోరేమో" అని భయపడి కొడుకు ఆ మాట ఎత్తలేదు. తలకు చున్నీ గట్టిగా చుట్టుకుని ఉన్నా, ఎందుకని మేమూ అడగలేదు. స్కానింగ్‌లో రాళ్లు, వాచిన గాల్ బ్లాడర్ కనిపించాయి. ఆపరేషన్‌కు సిద్ధం చేస్తుండగా రక్తపరీక్ష వచ్చింది. సాధారణంగా 4,000 నుండి 11,000 వరకు ఉండవలసిన తెల్లకణాలు 1,000 కూడా లేవు. అప్పుడు మత్తు డాక్టరు వరండాలోకి వచ్చి గట్టిగా అడిగితే, ఆ అబ్బాయి ఏడుస్తూ నిజం చెప్పాడు.

ఆపరేషన్ ఆపారు. ఆమెకు కీమో ఇస్తున్న డాక్టరుతో మా డాక్టరు వెంటనే ఫోన్‌లో మాట్లాడారు. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, స్కానింగ్‌లో చూస్తూ చర్మం గుండా సన్నని గొట్టం వేసి గాల్ బ్లాడర్‌లోని చీమును బయటకు తీశారు. కౌంట్ కోలుకున్న తరువాత, కొన్ని వారాలకు కీహోల్ ఆపరేషన్ జరిగింది. గాయం మానాక కీమో మళ్ళీ మొదలైంది. ఆమె మిగిలిన కీమోలు పూర్తిచేసుకుని ఊరికి వెళ్లారు. కానీ మొదటి రోజు మేము ఒక్క ప్రశ్న అడగనందువల్ల పోయిన ఆ గంటలను మేము మరచిపోలేదు. ఆనాటి నుండి మా చేర్పించే కాగితంలో షుగర్, బీపీ పక్కన మరో ప్రశ్న చేరింది: "కీమో గానీ కరెంటు గానీ తీసుకుంటున్నారా? చివరిది ఏ తేదీన?"

ఇక అసలు విషయానికి వద్దాము. గాల్ బ్లాడర్ అంటే కాలేయం కింద ఉండే చిన్న సంచి. కాలేయం తయారుచేసే పైత్యరసం అందులో నిలువ ఉంటుంది. కొవ్వు పదార్థం తిన్నప్పుడు ఆ సంచి ముడుచుకుని రసాన్ని పేగులోకి పంపుతుంది. అందులో రాళ్లు ఏర్పడటం చాలామందిలో, ముఖ్యంగా స్త్రీలలో, కనిపించేదే. త్వరగా బరువు తగ్గిపోయినా, చాలారోజులు నోటితో సరిగా తినకపోయినా రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. క్యాన్సర్ వైద్యంలో ఈ రెండూ జరుగుతాయి. కొందరికి రాళ్లు ముందునుండే ఉండి, క్యాన్సర్ కోసం చేసిన స్కానింగ్‌లో బయటపడతాయి.

రాయి కనిపించిన ప్రతివారికీ ఆపరేషన్ అవసరం లేదు. నొప్పి, జ్వరం, కామెర్లు ఏవీ లేకుండా రాయి ఊరకే ఉన్నప్పుడు డాక్టర్లు సాధారణంగా దాని జోలికి పోరు. కీమో ఆపి ఆ రాయి వెంటపడవలసిన పని లేదు. నొప్పి వచ్చి పోతూ ఉంటే అది వేరు సంగతి. అప్పుడు సర్జన్, క్యాన్సర్ డాక్టరు కలిసి రెండు కీమోల మధ్య ఎప్పుడు వీలవుతుందో, లేక కీమోలన్నీ అయ్యేవరకు ఆగవచ్చో చూస్తారు. జ్వరం, విడవని నొప్పి, కామెర్లు వచ్చాయంటే ఆగే సమయం కాదు. అదే రోజు ఆసుపత్రికి రావాలి. అప్పుడు కూడా దారి ఒక్కటే కాదు. కొందరికి వెంటనే ఆపరేషన్ చేస్తారు. కొందరికి ముందు గొట్టం వేసి చీము తీసి, తరువాత చేస్తారు. రాయి పైత్యనాళంలోకి జారితే ఎండోస్కోపీ ద్వారా, ఈఆర్‌సీపీ పద్ధతిలో తీస్తారు.

ఈ నిర్ణయాలన్నిటికీ మూలం తేదీ. చాలా కీమో మందులతో 7వ రోజు నుండి 14వ రోజు మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో కత్తి పెడితే గాయం మానడం కష్టం, చీము పట్టే ప్రమాదం ఎక్కువ. ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉంటే రక్తస్రావం భయం ఉంటుంది. అందుకే తొందర లేని ఆపరేషన్‌ను కౌంట్ కోలుకునేవరకు ఆపుతారు. బెవాసిజుమాబ్ వంటి మందు తీసుకుంటున్నవారికి, తొందర లేని పెద్ద ఆపరేషన్‌కు కనీసం 28 రోజుల ముందే ఆ మందు ఆపుతారు. మందు పేరు తెలియకపోతే సర్జన్ ఈ లెక్క ఎలా వేయగలరు? "ఏదో ఎర్ర మందు ఎక్కించారు సార్" అంటే చాలదు.

జ్వరం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కీమో తీసుకుంటున్నవారి ఇంట్లో థర్మామీటరు తప్పనిసరిగా ఉండాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చిందంటే పారాసెటమాల్ మాత్ర వేసి తెల్లవారేవరకు చూద్దామని ఆగకండి. తెల్లకణాలు లేనప్పుడు చీము పట్టినా వాపు, ఎరుపు పైకి అంతగా కనిపించకపోవచ్చు. కీమోతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు జ్వరాన్నీ నొప్పినీ కప్పివేయగలవు. అలాగని ఆ స్టెరాయిడ్‌ను గానీ, రక్తం పల్చన చేసే మాత్రలను గానీ మీ అంతట మీరు ఆపవద్దు. ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

మరొక మనవి. కళ్లు పచ్చబడగానే పసరు మందు కోసం పరుగెత్తే అలవాటు మన కుటుంబాలలో ఇంకా పోలేదు. నాళంలో రాయి అడ్డుపడినందువల్ల వచ్చిన కామెర్లకు పసరు మందు పనిచేయదు. పైగా కీమోతో అలసిన కాలేయంపై అది మరో బరువు కావచ్చు. క్యాన్సర్ ఉన్నవారికి కామెర్లు వస్తే కారణం రాయి కావచ్చు, మందు కావచ్చు, జబ్బే కావచ్చు. ఏదో తేల్చవలసింది పరీక్షలే.

మత్తు గురించి భయపడేవారికి మన ఊరి సంగతి ఒకటి చెబుతాము. క్లోరోఫాం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888లోను, 1889లోను రెండు కమిషన్లు పనిచేసింది మన హైదరాబాదులోనే. నిజాం ఖర్చు భరించగా, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించారు. ఆనాడు వారి ఆరాటమంతా ఒక్కటే: మత్తులో ఉన్న మనిషికి ప్రమాదం ముందు ఊపిరి వైపు నుండి వస్తుందా, గుండె వైపు నుండి వస్తుందా? ఈనాడు మత్తు డాక్టరు గుండె, ఊపిరి, రక్తంలోని ఆక్సిజన్ అన్నిటినీ మానిటర్‌లో క్షణక్షణం చూస్తూ ఉంటారు. ఆపరేషన్‌కు ముందు 2డీ ఎకో చేయించమంటే అది డబ్బు కోసం అనుకోవద్దు. చాలామంది "ఎర్ర మందు" అని పిలిచే డోక్సోరుబిసిన్ గుండె కండరాన్ని బలహీనపరచగలదు. అందుకే అడుగుతారు.

ఆపరేషన్ కూడా మారింది. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి గాల్ బ్లాడర్‌ను తీసినప్పటి నుండి వంద సంవత్సరాలకు పైగా పొట్ట కోసి చేయడమే పద్ధతి. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాల ద్వారా తీసి చూపించారు. మన దేశంలో 1990లో బొంబాయి జే.జే. ఆసుపత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా ఆ పద్ధతి మొదలుపెట్టారు. గాయం చిన్నదైతే త్వరగా మానుతుంది. త్వరగా మానితే కీమోకు త్వరగా తిరిగి వెళ్లవచ్చు. క్యాన్సర్ రోగికి ఇది చిన్న మేలు కాదు. అయితే వాపు ఎక్కువగా ఉంటే మధ్యలో పొట్ట తెరవవలసి రావచ్చు. అది డాక్టరు ఓడిపోవడం కాదు, జాగ్రత్త.

తీసిన గాల్ బ్లాడర్‌ను బయాప్సీకి తప్పక పంపించండి. "రాయి పోయింది కదా, ఇంకా ఖర్చెందుకు?" అనేవారిని చూశాము. గోడలో ఏముందో కంటికి కనిపించదు. క్యాన్సర్ వైద్యంలో ఉన్నవారికి ఆ రిపోర్టు మరింత ముఖ్యం. ఖర్చు గురించి బెంగ ఉన్నవారు ఆరోగ్యశ్రీ ఆసుపత్రులలో ఉండే ఆరోగ్యమిత్రను రెండు వైద్యాల గురించీ ముందే అడగండి. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన దాపరికం. చాలా ఇళ్లలో రోగికి క్యాన్సర్ అని చెప్పరు. "గడ్డ" అంటారు, "బలానికి సెలైన్" అంటారు. ప్రేమతోనే అలా చేస్తారని మాకు తెలుసు. కానీ రేపు ఆపరేషన్ అనగా ఈరోజు ఆ తల్లి చేత సంతకం పెట్టించేది మేము. తన ఒంట్లో ఏమున్నదో తెలియని మనిషి దేనికి ఒప్పుకుంటున్నట్లు? పదవ రోజు జ్వరం ఎందుకు ప్రమాదమో తెలియకపోతే ఆమె కొడుకును ఎలా లేపుతుంది? ఆ తల్లి తరువాత మాతో ఒక మాట అన్నారు: "నాకు ముందే తెల్సు సిస్టర్. వాడు భయపడతడని నేనే తెల్వనట్టు ఉన్న." ఒకే గదిలో ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాచుకున్నారు. ఆ మధ్యలో జబ్బు ముదిరింది.

కనుక మేము కోరేది ఇంతే. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకున్నా, బంజారాహిల్స్‌లోని బసవతారకంలో చూపించుకున్నా, వేరే ఎక్కడ చూపించుకున్నా, ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. మొదటి పేజీలో జబ్బు పేరు, కీమో మందుల పేర్లు, ప్రతి కీమో తేదీ, చివరి రక్తపరీక్ష అంకెలు, రోజూ వేసుకునే మాత్రలు, పడని మందులు, కీమో ఇచ్చే డాక్టరు ఫోన్ నంబరు రాయండి. ఏ ఆసుపత్రి మెట్లు ఎక్కినా అడగకముందే ఆ పేజీ చూపించండి. నర్సు అడగడం మరచిపోయినా ఆ పేజీ మాట్లాడుతుంది.

సంఘ కుటుంబాలవారికి ఒక మాట. కౌంట్ తగ్గిన రోజుల్లో రోగి గదిలోకి పదిమంది కలిసి వెళ్లకండి. జలుబు, దగ్గు ఉన్నవారు ఫోన్‌లో పలకరించండి, ఫోన్‌లోనే ప్రార్థన చేయండి. "మా వదినకు ఇలాగే అయి..." అని మొదలుపెట్టే కథలు గుమ్మం బయటే వదిలేయండి. చేతనైతే రక్తపరీక్ష రిపోర్టు తెచ్చిపెట్టండి, రాత్రి తోడుండే అబ్బాయికి ఒక పూట నిద్ర ఇవ్వండి.

"మా అమ్మ తట్టుకుంటదా?" అని అడిగేవారికి మేము ఇప్పుడు చెప్పే జవాబు ఇది: బాబూ, చాలామంది తట్టుకున్నారు. అమ్మ చివరి కీమో ఏ తేదీన అయిందో ముందు చెప్పు, కూర్చో, మాట్లాడుకుందాము.