కేబులు లేని ఇంట కుర్రకారు పాటలు

మా మేడమీద రెండు ఇనుప వస్తువులున్నాయి. ఒకటి తుప్పు పట్టిన పాత యాంటెనా. దాని ముఖం నేటికీ రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం వైపే ఉన్నది. రెండవది 2019లో కొన్న గొడుగు. అది ఆగ్నేయదిశగా, యాకుత్‌పురా ఇళ్ల కప్పుల మీదుగా ఆకాశంలోకి చూస్తుంటుంది. నయాపూల్ దాటి మదీనా వైపు వచ్చే దారిలో, ఒక ఇరుకు గల్లీలో మా ఇల్లు. ఇక్కడ కేబులు తీగలు ఒక డాబా నుండి మరొక డాబాకు సాలెగూడువలె అల్లుకొని ఉంటాయి. వాటిలో మా ఇంటికి వచ్చే తీగను నేనే తెంపించాను.

కారణం చెబుతాను. 2019 ఫిబ్రవరిలో కేబులు రుసుముల పద్ధతి మారింది. వంద చానెళ్లకు 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఇది తీగకు కట్టవలసిన రుసుము మాత్రమే. ధర గల చానెళ్లు కావాలంటే ఆపైన విడివిడిగానో గుత్తలుగానో కొనుక్కోవాలి. కేబులు కుర్రవాడు ఒక కాగితం చేతికిచ్చి, ఏయే గుత్తలు కావాలో టిక్కు పెట్టమన్నాడు. చంపకమాలకూ ఉత్పలమాలకూ గణవిభజన చేసి ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. ఆ గుత్తల విభజన మాత్రం నాకు అంతుపట్టలేదు. నాకు కావలసిన ఒక్క చానెలు కోసం అక్కరలేని పది చానెళ్లు మెడకు చుట్టుకుంటున్నాయి. అప్పటికే పింఛనుదారును. వద్దని చెప్పి, కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక గొడుగూ ఒక సెట్‌టాప్ బాక్సూ తెచ్చుకున్నాను. నెలనెలా కట్టవలసినది లేదు. 2004 డిసెంబరు 16న 33 చానెళ్లతో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేర దూరదర్శన్ మొదలుపెట్టిన సేవ ఇది. తరువాత దీనికే ఫ్రీ డిష్ అని పేరు పెట్టారు.

క్రింది వాటాలో అద్దెకుండే కుటుంబం వారు నన్ను చూచి అదే గొడుగు పెట్టించుకున్నారు. ఇంటి యజమాని ఆటో నడుపుతాడు. పాలమూరు నుండి వచ్చిన తెలుగువారు. వారి అమ్మాయి అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నది. ఇక ఆనాటి నుండి ప్రొద్దున్నే మొదలు! మస్తీ, బీఫోర్‌యూ మ్యూజిక్ వంటి హిందీ పాటల చానెళ్లు ఒకటి విడిచి ఒకటి మ్రోగేవి. ఆ గోలలో నా పత్రికాపఠనం సాగేది కాదు. యువజనుల పాటల చానెళ్ల మీద నాకు ముందునుండే చిన్నచూపు. కేబులు ఉన్న రోజుల్లో తెలుగు పాటల చానెళ్లు చూచి, ఆ వ్యాఖ్యాతలు ళకారాన్ని లకారం చేస్తున్నారనీ, మహాప్రాణాలను మ్రింగివేస్తున్నారనీ ఇంట్లో వారికి విసుగు పుట్టేదాకా చెప్పినవాణ్ణి. కనుక ఈ పెట్టెలో ఆ చానెళ్లు లేకపోవడం నాకు లోటుగా తోచలేదు సరికదా, లోలోన సంతోషించాను కూడా.

ఒకనాటి సాయంత్రం ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. కాలేజీలో పాటల పోటీ అట. తెలుగులో పాడాలని ఆమెకు కోరిక.

"సార్, నాకు తెలుగు పాట ఒక్కటి గుడ మొత్తం రాదు. మీరు ఒకటి రాసియ్యరా?"

"ఇంట్లో మాట్లాడేది తెలుగే గదమ్మా, ఒక్కటీ రాదా?" అన్నాను.

"హిందీవి శానొస్తయి సార్. టీవీల రోజూ వస్తయిగద."

నేను ఉత్సాహంగా నా యౌవనంలో రేడియోలో విన్న ఒక లలితగీతాన్ని గుండ్రని అక్షరాలతో వ్రాసి ఇచ్చాను. కఠినపదాలకు అర్థాలు కూడా క్రింద వ్రాశాను, పండితుని అలవాటు ఎక్కడికి పోతుంది! ఆమె కాగితం చదువుకొని, "మంచిగుంది సార్. ఎట్ల పాడాలె?" అని అడిగింది. అక్కడ నా పాండిత్యం ఆగిపోయింది. నా గొంతు పద్యానికి పనికివచ్చినట్లు పాటకు పనికిరాదు. పల్లవి ఏదో కూనిరాగం తీశాను గాని, చరణం దగ్గర బాణీ జారిపోయింది. పోటీ నాడు ఆమె తనకు వచ్చిన హిందీ పాటే పాడింది. బహుమతి వచ్చిందో లేదో నేను అడగలేదు. అడగడానికి మొగమాటమైంది.

పాట కాగితం మీద నిలవదు. వందసార్లు చెవిన పడితే తప్ప అది నోటికి రాదు. ఆ పిల్ల చెవిలో రోజూ పడింది ఉచితంగా వచ్చిన హిందీ. ఆమె మాతృభాషలోని పాట ధర గల గుత్తలో ఉండిపోయింది. హిందీ పాట మీద నాకు ద్వేషం లేదు. ఈ పాతబస్తీలో పుట్టి పెరిగినవాణ్ణి, ఖవ్వాలీ విననిదే పెరగలేదు. ఎన్ని భాషల పాటలైనా రానీయండి. పేదయింటి పిల్లకు తన భాషపాట మాత్రమే వెలపెట్టి కొనవలసినది కావడం ఏమి న్యాయం?

ఇందులో కుట్ర ఏమీ లేదు, వ్యాపారమే ఉన్నది. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానెళ్లు ఊరికే రావు. ప్రసార భారతి ఒక్కొక్క చోటును వేలం వేస్తుంది. చానెలు వారు డబ్బు కట్టి ఆ చోటు కొని, ప్రకటనలతో రాబట్టుకుంటారు. ఈ గొడుగులు హిందీ రాష్ట్రాల పల్లెల్లో విస్తారం. దక్షిణాదిన ఎక్కువ ఇళ్లవారు కేబులుకు నెలనెలా కడుతూనే ఉన్నారు. కట్టేవారి వద్ద వసూలయ్యే సరుకును ఊరికే ఇవ్వడానికి ఏ వర్తకుడు ముందుకు వస్తాడు? జెమిని మ్యూజిక్, మా మ్యూజిక్ వంటివి ధర గల వరుసలో ఉండిపోవడానికి మూలం ఇదే. మనం సక్రమంగా చందా కట్టే జాతి కావడమే మనలో కట్టలేనివారి పాలిట శాపమైనది.

వర్తకుని తప్పుపట్టను. నా ప్రశ్న దూరదర్శన్‌కు. నా చదువుకునే రోజుల్లో ఆకాశవాణిలో 'యువవాణి' ఉండేది. ఢిల్లీలో 1969లో మొదలైన ఆ ఆలోచన మన హైదరాబాదుకూ వచ్చింది. మాబోటి యువజనుల కోసమని ప్రభుత్వమే వేళ కేటాయించింది. హైదరాబాదు కేంద్రంలో పాలగుమ్మి విశ్వనాథం గారు, మహాభాష్యం చిత్తరంజన్ గారు వంటి వారు లలితగీతాలకు బాణీలు కట్టారు. 'ఈ పాట నేర్చుకుందాం' అని ఒక్కొక్క పాదం పాడి, మన చేత పాడించేవారు. ట్రాన్సిస్టరు ఉంటే చాలు. ఆపైన శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి. టీవీ లేని ఇళ్ల పిల్లలు టీవీ ఉన్న ఇంటి గడప దగ్గర గుమికూడేవారు. మా ఇంటి గడప దగ్గర ఇరవై జతల చెప్పులు లెక్కపెట్టిన శుక్రవారాలు ఉన్నాయి. 2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత హైదరాబాదు చానెలుకు యాదగిరి అని పేరు వచ్చింది. అది మా పెట్టెలో వచ్చింది, నేను చూశాను. వ్యవసాయం, ఆరోగ్యం, శాస్త్రీయ సంగీతం అన్నీ గౌరవప్రదంగానే ఉన్నాయి. పదిహేడేళ్ల పిల్ల రోజూ వేళకు వచ్చి కూర్చునే పాటల గంట మాత్రం నాకు కనబడలేదు.

"పంతులుగారూ, ఇంకా టీవీయేమిటి? అంతా ఫోనులోనే గదా!" అని మిత్రులొకరు నవ్వారు. కొంత నిజమే. ఆయన చెప్పకముందే నేనెరుగుదును. 2025 మార్చిలో మన దేశంలో ఎంటీవీ బీట్స్ ఆగిపోయింది. అదే సంవత్సరాంతాన బ్రిటన్‌లో ఎంటీవీ తన పాటల చానెళ్లను మూసివేసింది. 1981లో అమెరికాలో కేబులు తీగ మీద పుట్టిన వ్యాపారం ఫోను ముందు తలవంచింది. కాని మా క్రింది వాటాలో ఆనాడు ఉన్న ఫోను ఒక్కటే. అది ఆటోతోపాటు ప్రొద్దున వెళ్లి రాత్రి పదింటికి గాని ఇల్లు చేరేది కాదు. పైగా ఫోను మనం అడిగిన పాటనే ఇస్తుంది. పేరు తెలియని పాటను ఆ పిల్ల ఎట్లా అడుగుతుంది? అడగకుండానే చెవిన పడేది చానెలులో, రేడియోలో. జర్మనీలో ఇంగ్లీషు పాటల వెల్లువను చూచి 1993లో వీవా అనే చానెలు పెట్టి, జర్మన్‌లో మాట్లాడుతూ, జర్మన్ పాటలకు చోటిచ్చారు. 2018 చివర అది ఆగిపోయింది, నిజమే. ఆ పాతికేళ్లు మాత్రం అక్కడి పిల్లలకు దక్కాయి.

కోట్ల ఖర్చుతో కొత్త చానెలు పెట్టమని నేననను. ఉన్న చానెలులోనే రోజుకు ఒక గంట చాలు. కొత్త సినిమా పాటలే వేయండి, ర్యాపు కూడా వేయండి, మధ్యలో ఒక లలితగీతం, ఒక జానపదం పడనీయండి. వ్యాఖ్యాతలుగా పెద్దలను కూర్చోబెట్టకండి, నావంటి వారిని అసలే వద్దు. ఇరవై ఏళ్లవారిని పిలవండి. వారు ళకారాన్ని లకారం చేసినా ఇకమీదట ఉత్తరం వ్రాయనని ఇందుమూలంగా మాట ఇస్తున్నాను.

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడు ఆబిడ్స్‌లో ఒక దుకాణంలో లెక్కలు చూస్తున్నది. మొన్న మెట్ల దగ్గర ఎదురైనప్పుడు, "సార్, ఆ కాయిదం ఇంక నా దగ్గర్నే ఉంది. బాణీ దొరికిందా?" అని అడిగింది. వెతుకుతున్నానమ్మా అన్నాను.