గృహ పరిశ్రమలు: నునుపు చేయు యంత్రమును, దాని పూచీపత్రమును

అమరకోశమున వడ్రంగికి తక్ష, వర్ధకి, త్వష్ట, రథకారుడు అని పెక్కు పేళ్లు గలవు. అన్నియు పురుషవాచకములే. కాని నేడు మన సోదరీమణులలో కొందఱు వసారాయందే చిన్న తరిమెన నమర్చుకొని కుంకుమ భరిణెలు, బొంగరములు, పప్పుగుత్తులు, కొయ్య గిన్నెలు తయారుచేసి స్వార్జితముగా నాలుగు రాళ్లు కూడబెట్టుచున్నారు. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే ఇట్టివారినుండి తఱచుగా వినవచ్చు ఫిర్యాదొకటి గలదు. నునుపు చేయుటకు కొన్న విద్యుద్యంత్రము సంవత్సరమైన తిరుగకమునుపే ఆగిపోవును. అంగడికి గొనిపోయినచో “దుమ్ము చొచ్చినది, పైగా వ్యాపారమునకు వాడితిరి, పూచీ చెల్లదు” అని త్రిప్పి పంపుదురు. ఆ సొమ్ము ఇంటి ఖర్చులో మిగిల్చి కొన్నదైనచో ఆ దుఃఖ మింతింత కాదు. కావున ఈ మాసము ఈ విషయమునే విచారింతము.

మొదట యంత్ర మెంతవఱ కవసరమో చూడవలెను. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మలను ఎఱుగనివా రరుదు. 2017లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చటి పనివారు మెత్తని అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచున్న కొయ్యకే లక్క నొత్తుదురు. ఆ రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు పట్టుకొనును. పిదప మొగలి ఆకుతో నొత్తి మెఱుగు తెత్తురు. ఇందు కొయ్య తిరుగుటయే యంత్రబలము; చేతిలో వేఱొక యంత్రము లేదు. భరిణెలు, బొంగరములు మున్నగు చిన్న వస్తువులకు చేత పట్టిన గరుకు కాగితమే చాలునని మా యభిప్రాయము. వెడల్పైన గిన్నెలు, పళ్లెములు చేయునపుడు మాత్రము కొయ్యపోగులు రెండు ప్రక్కల అడ్డముగా తెగి, ఎంత రుద్దినను గరుకు విడువవు. అచ్చట తిరుగుడు బిళ్ల గల యంత్రము నిజముగా ఉపకరించును.

ఇక యంత్ర మేల చెడును? సామాన్యపు చేతి డ్రిల్లులో రెండు చిన్న బొగ్గు ముక్కలు మోటారు కుదురుమీది రాగి చక్రమును ఒరసికొనుచు విద్యుత్తు నందించును. వీనినే కార్బన్ బ్రష్షులందురు. ఇవి అరుగుటకే పుట్టినవి. అరిగినపుడు మార్చినచో యంత్రము మరల తిరుగును. ఆ కుదురుకే బిగించిన చిన్న పంకా బయటి గాలిని లోనికి లాగి మోటారును చల్లార్చును. గాలితోపాటు పిండివంటి కొయ్యదుమ్ము కూడ లోనికి పోయి, బేరింగులలోని కొవ్వును పీల్చి, స్విచ్చి సందులలో పేరుకొనును. నెమ్మదిగా త్రిప్పుచు గట్టిగా నొక్కుట అన్నిటికంటె చెఱుపు. వేగము తగ్గగా పంకా గాలి తగ్గును. నొక్కుడు వలన వేడి పెరుగును. తుదకు తీగెలపై పూత మాడి మోటారు కాలిపోవును. మఱియు డ్రిల్లు ముందునకు నొక్కుటకు చేయబడినదేకాని ప్రక్కకు ఒత్తుటకు కాదు. దినమంతయు ప్రక్కనుండి ఒత్తినచో దాని బేరింగులు వదులగును.

దీనికి ప్రతిక్రియలు సులభములు. యంత్రము బరువుకంటె ఎక్కువగా నొక్కరాదు. గరుకు పోయిన కాగితమును లోభించక పాఱవేయవలెను; అరిగిన కాగితము కోయదు, వేడిని మాత్రము పుట్టించును. ఆ వేడికి కొయ్య సన్నగా పగులును, బిళ్లకు కాగితమును పట్టియుంచు అంటు కరగును. 120 అంకె కాగితముతో మొదలిడి 180, 240, 320 అను వరుస తప్పక సాగవలెను. నడుమ మెట్టు దాటించినచో గీతలు నిలిచిపోవును. లక్క పట్టకమునుపే నునుపు ముగింపవలెను; లేనిచో లక్క కరగి కాగితమును పూడ్చివేయును. పని ముగియగనే మెత్తని కుంచెతో గాలి సందులను తుడువవలెను. బ్రష్షులు లేని మోటారు వెల యెక్కువైనను అరుగుడు తక్కువ. అయినను దాని స్విచ్చికి, బేరింగులకు దుమ్ము భయము తప్పదు.

ఇప్పుడు వారంటీ యనబడు పూచీపత్రము సంగతి. తయారీలో గాని సామగ్రిలో గాని లోపమున్నచో బాగుచేసి యిత్తుమని చెప్పునదే ఇది. ఏ కారణమున చెడినను బాగుచేయుదుమని కాదు. బ్రష్షులు, బిళ్లలు మున్నగు అరుగు భాగములను ఇందు సామాన్యముగా చేర్చరు. మనము విప్పిన యంత్రమునకు పూచీ పోవచ్చును. గృహోపయోగమునకని చేసిన యంత్రమును వ్యాపారమునకు వాడినచో పూచీ లేదనియు కొందఱు వ్రాయుదురు. ఈ వాక్యము కొన్న తరువాత కాక కొనకమునుపే చదువవలెను. అమ్మకమునకై చేయుచున్నామని అంగడిలో దాచక చెప్పి, దినమంతయు పనిచేయుటకు తగిన యంత్రము నడిగి, ఆ మాట బిల్లుపై వ్రాయించుకొనుట మేలు. కొందఱు తయారీదారులు నిర్ణీత గడువులో నమోదు చేసికొన్నవారికి పూచీకాలమును పొడిగింతురు, దానిని మఱువరాదు.

“వ్యాపారము” అనగనే వెనుదీయవలసిన పనిలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వ్యాపార ప్రయోజనమునకు కొన్నవారిని వినియోగదారులుగా నెంచదు. కాని స్వయముగా పనిచేసి కేవలము జీవనోపాధికై వాడుకొనువారికి ఆ నిషేధము వర్తింపదని అందే వివరణ గలదు. సహాయమునకు ఒకరిద్దఱున్నంత మాత్రమున ఈ హక్కు పోదని సుప్రీంకోర్టు 1995లోనే పూర్వపు చట్టముక్రింద తీర్పు చెప్పినది. ఈ వివరణ పూచీపత్రములోని షరతును తనంతట చెరిపివేయదు. కాని లోపమున్న వస్తువును గూర్చి ఫిర్యాదు చేయు ద్వారమును మనకు తెఱచియుంచును. మొదట తయారీదారునకు వ్రాతమూలముగా తెలుపవలెను. ఆపై 1915 అను జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును. అప్పటికిని న్యాయము కలుగనిచో మనము నివసించు జిల్లాలోని కమిషన్‌నందే, కారణము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. కొన్న వెల అయిదు లక్షలు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొని తీరవలెనను నిర్బంధమును లేదు. బిల్లు, పూచీపత్రము, చెడిన తేదీ, అంగడివారి వ్రాతపూర్వకమగు సమాధానము, ఈ నాలుగును ఒక సంచిలో భద్రముగా నుండవలెను.

యంత్రమునకంటె ముందు కాపాడుకొనవలసినది మన దేహము. పైట బిగించి దోపి, జడ ముడిచి, గాజులు తీసి గాని తరిమెన దగ్గఱకు పోరాదు. చేతి తొడుగులు వేసికొన్నను అవి చిక్కుకొని వ్రేళ్లను లాగును. కొయ్యదుమ్మును అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో నిశ్చయమగు క్యాన్సరు కారకములలో చేర్చినది. కావున ముక్కునకు తగిన ముసుగు తప్పనిసరి. బిడ్డలను, ఊయెలను ఆ చాయలకు రానీయరాదు. చెడిన యంత్రమునకు బదులు మఱియొకటి దొరకును గాని, ఊపిరితిత్తులకు పూచీపత్ర మిచ్చు అంగడి లేదు.