తుంటికి కట్టు

మా చిత్తూరు ప్రాంతంలో ఎముక విరిగిందంటే ముందు నోటికి వచ్చే మాట పుత్తూరు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలు: ఆ కట్టు కోసం పొరుగు రాష్ట్రాలనుంచి కూడా వస్తారు. చిన్నప్పుడు మామిడిచెట్టు మీదినుంచి పడి నేనూ కట్టించుకున్నవాణ్ణే. ఆ చేత్తోనే ఈనాటికీ నల్లబల్ల మీద గురులఘువులు గుర్తిస్తున్నాను.

అందుచేత మొన్న మా అమ్మ స్నానాలగదిలో జారిపడితే పుత్తూరుకే కారు మాట్లాడాను. ఎదురింటి డాక్టరుగారు వచ్చి చూశారు. కుడికాలు కాస్త పొట్టిగా కనబడుతోంది. పాదం బయటికి ఒరిగిపోయింది.

"అయ్యవారూ, ఇది ముంజేయి కాదు. తిరుపతికి పదండి" అన్నారు.

నాకు కోపం వచ్చిన మాట నిజమే. దారిలో ఆయన ఓపికగా చెప్పారు. తొడ ఎముక పైకొస బంతిలా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. బంతి కింద సన్నని మెడ. బంతికి రక్తం చాలావరకు ఆ మెడ వెంటనే ఎక్కాలి. మెడ విరిగితే నాళాలు తెగి, బంతి చచ్చిపోవచ్చు. అంత లోతున, అన్ని కండరాల కింద ఉన్నదాన్ని పైకట్టు ఎలా పట్టి ఉంచుతుంది? నెలల తరబడి పడుకోబెడితే ఒంటికి పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్ల నాళాల్లో రక్తపు గడ్డలు. ముసలివాళ్లను విరిగిన ఎముకకంటే ఇవే ఎక్కువగా తీసుకుపోతాయట.

వయసులో ఉన్నవాళ్లకైతే త్వరగా మరలు బిగించి సొంత బంతిని కాపాడ చూస్తారు. మా అమ్మకు డెబ్బై ఎనిమిది. బంతి తీసి లోహపు బంతి పెట్టారు. గిన్నె బాగుంది కనుక దాని జోలికి పోలేదు. కీళ్లవాతంతో గిన్నె కూడా అరిగితే రెండూ మార్చాలి. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జను 1962లో లోహపు బంతికి పాలిథిన్ గిన్నె జతచేసి ఈ పద్ధతిని నిలబెట్టాడు. అంతకుముందు ఆయన వాడిన టెఫ్లాన్ గిన్నెలు కొద్ది ఏళ్లకే అరిగిపోయాయి. ఇప్పుడు తిరుపతిలో దేవస్థానంవారి బర్డ్ ఆసుపత్రిలోనే కీళ్లు మారుస్తున్నారు.

అన్నట్టు, పడకపోయినా బంతికి రక్తం ఎండిపోవచ్చు. అతిగా తాగేవారికి, చాలాకాలం స్టీరాయిడ్ మందులు వాడినవారికి ఆ భయం ఉంది. తుంటి నొప్పి ఒక్కోసారి మోకాట్లో పలుకుతుంది. పాపం, మోకాలికి తైలం రాస్తూ ఏళ్లు గడిపేస్తారు.

మర్నాడే అమ్మను లేపి నడిపించారు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం కూడదన్నారు. పూజకు ఎత్తుపీట తెచ్చాను. దేవుడికంటే ఎత్తున కూర్చోవడం ఏమిటని ఆవిడ గొడవ.

"అలిపిరి మెట్లు ఎప్పుడు ఎక్కిస్తావు నాయనా?" అని నిన్న అడిగింది. 3,550 మెట్లు!

డాక్టరుగారినే అడగమన్నాను. "బస్సులో వెళ్లండమ్మా" అన్నారాయన. అప్పటినుంచి ఆయనతో మాట్లాడటం లేదు.