పాటను అమ్మిరా, ప్లేటును అమ్మిరా?

సంగీత వర్తక సంస్థలు కొత్త యంత్రములతో సమానముగ నడువలేక నష్టపోయిన వృత్తాంతము మనలో చాలమందికి తెలియనిది కాదు. అది కలకత్తా కంపెనీల గొడవ, అమెరికా కంపెనీల గొడవ, కురుడుమలెలో నున్న మనకేమి అని కొందరనవచ్చును. మన పాటలును ఆ గొడవలోనే చిక్కుకొని యున్నవి. కావున మనము ఆలోచింపక తప్పదు.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానమును యంత్రమున కెక్కించిరి. ఆనాటి ప్లేటు జర్మనీలో అచ్చుపడి ఓడలో రావలసి యుండెను. 1908లో కలకత్తాలోని సీల్దాలో కర్మాగారము వెలసిన పిమ్మట ఆ చిక్కు తీరెను. ప్లేటుకు ఒకవైపున మూడు నాలుగు నిమిషములే చోటు. గంటల తరబడి పాడు విద్వాంసులు తమ విద్యను ఆ కొద్దిపాటి వ్యవధికి కుదించుకొనిరి. అనగా యంత్రమునకు మొదట లొంగినవారు కళాకారులే. తరువాత లొంగనివారు వర్తకులు.

1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును లోకమునకు తెచ్చెను. మన దేశమున 1980 ప్రాంతమునకు అది ఇంటింటికిని చేరెను. చిరకాలము ఏకచ్ఛత్రముగ వ్యాపారము సాగించిన హెచ్.ఎమ్.వి. వారు ప్లేటునే నమ్ముకొని, క్యాసెట్టు విషయమున జాగు చేసిరి. గుల్షన్ కుమార్ స్థాపించిన టి-సిరీస్ మొదలగు కొత్త సంస్థలు తక్కువ వెలకు క్యాసెట్లు చేసి చిల్లర అంగళ్లలో సైతము అమ్మి బజారును పట్టుకొన్నవి. పెద్ద కంపెనీలు లెక్కలోనికి తీసికొనని భజనలు, జానపద గీతములు, ప్రాంతీయ భాషల పాటలు అప్పుడే విరివిగ వెలువడినవి.

అమెరికాలోను ఇట్లే జరిగెను. 1999లో నాప్‌స్టర్ వచ్చి జనులు పాటలను ఒకరి కొకరు ఉచితముగ పంపుకొన నారంభింపగా, కంపెనీలు న్యాయస్థానమున కెక్కి 2001లో దానిని మూయించినవి. వ్యాజ్యము గెలిచినవి గాని శ్రోతలు తిరిగి రాలేదు. ఒక్కొక్క పాటను వెల కమ్ము చక్కని అంగడిని 2003లో తెరచినది కంప్యూటర్లు చేయు ఆపిల్ సంస్థ. సంగీతమే వృత్తిగా గలవారికి తోచని ఉపాయము బయటివారికి తోచెను! ఏల? తాము అమ్మునది ప్లేటని వర్తకులు తలచిరి. జనులు కొన్నది పాటను.

దొంగతనము తప్పు కాదా యని అడుగువారు ఉందురు. తప్పే. పాట వ్రాసినవానికి, స్వరపరచినవానికి కూలి ముట్టవలయును. 2012లో మన కాపీరైటు చట్టమును సవరించి వారి రాయల్టీ హక్కును కాపాడినదియు ఇందులకే. కాని ధర్మమైన అంగడి తెరువక, దొంగను మాత్రము తిట్టుచు కూర్చుండుట వర్తక నీతి కాదు. సరెగమ అని పేరు మార్చుకొన్న ఆ పాత కంపెనీయే 2017లో అయిదువేల పాత పాటలను రేడియో వంటి పెట్టెలో నింపి కార్వాన్ అను పేర అమ్మగా పెద్దలు ఆదరముతో కొనిరి. ఆలస్యముగనైనను శ్రోత మనసు తెలిసికొన్నందుకు అది ఫలము.

ఇక మన సంగతి. కోలారు సీమ తెలుగువారి పెండ్లిపాటలు, కైవార తాతయ్య కీర్తనలు పాడు పల్లె భజన బృందముల గానము, ఊరి హరికథలు ఏ కంపెనీ లెక్కకును రావు. అవి మన ఇండ్ల అటకలపై క్యాసెట్లలో నున్నవి. ఆ టేపుకు బూజు పట్టుచున్నది. దానిని వినిపించు యంత్రములు అరుదైనవి. బాగుచేయువారు అంతకంటె అరుదు. కంపెనీలను నిందించు మనము ఇంటిలో చేయుచున్నదియు అదే. పెట్టెను దాచి పాటను పోగొట్టుకొనుచున్నాము.

చేయవలసిన పని పెద్దది కాదు. ప్రతి కుటుంబమును తమ క్యాసెట్ల పట్టికను సంఘమున కీయవలయును. మంచి యంత్రము నొకదానిని సంపాదించి, టేపును మెల్లగా ఒకమారు త్రిప్పి, ధ్వనిని కుదింపక కంప్యూటరున కెక్కించి, రెండు ప్రతులను రెండు చోట్ల ఉంచవలయును. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలయును. అవి లేనిచో ముందుతరమునకు అది పేరులేని గొంతుగనే మిగులును. పాడినవారి అనుమతి, వారు లేనిచో వారి కుటుంబము అనుమతి పొందవలయును. అచ్చయిన రికార్డుపై కంపెనీ హక్కు అరువది సంవత్సరములే యైనను, రచయిత హక్కు అతని మరణానంతరము అరువది సంవత్సరములుండునని మరువరాదు.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్న కంపెనీలకు ధనమైనను మిగిలినది. మనకు పాట పోయినచో మిగులునది ఖాళీ పెట్టెయే.