చక్రం నట్టు బిగింపుకు కొలత కావాలి

పల్లెల్లో మోటారు సైకిలు లేని వీధి నేడు లేదనడంలో అతిశయోక్తి లేదు. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చిన నాటి నుంచి చిన్న బండ్లు ఊరూరా పెరుగుతూ వచ్చాయి. పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు, బడి పిల్లలు అన్నీ దాని మీదే. ఇంత బరువు మోసే ఆ రెండు చక్రాలను పట్టి ఉంచేది ఇరుసు, దాని చివరనున్న ఒక్క నట్టు. ఆ నట్టును ఎంత బిగించాలన్న విషయంలో మాత్రం అటు మరమ్మతు చేసేవారు గాని, ఇటు బండి యజమానులు గాని తగిన శ్రద్ధ చూపకపోవడం విచారకరం.

పంక్చరు వేసి చక్రం ఎక్కించాక పానాకు ఇనుప గొట్టం తొడిగి లాగడం, లేదా పానా మీద కాలు పెట్టి తొక్కడం పెక్కు చోట్ల కనిపించేదే. ఎంత గట్టిగా బిగిస్తే అంత క్షేమమనే నమ్మకమే దీనికి మూలం. ఈ నమ్మకం సరైనది కాదు.

బిగింపుకు ఒక కొలత ఉంది. దానిని టార్క్ అంటారు, న్యూటన్ మీటర్లలో చెబుతారు. ఇరుసు నట్టుకు 60 న్యూటన్ మీటర్లు కావాలనుకుందాం. అడుగు పొడవున్న పానా చివర 20 కిలోల బరువుతో నొక్కితే ఆ బిగింపు వస్తుంది. అంటే సిమెంటు బస్తాలో సగం బరువు కూడా అక్కరలేదు. 60 కిలోల మనిషి అదే పానా చివర నిలబడితే బిగింపు మూడింతలు, అంటే సుమారు 180 న్యూటన్ మీటర్లు అవుతుంది. మూడడుగుల గొట్టం తొడిగి 20 కిలోల బలంతో లాగినా ఫలితం అదే.

నట్టు బిగిస్తే ఇరుసు స్ప్రింగు మాదిరి లోలోపల కొద్దిగా సాగుతుంది. తిరిగి ముడుచుకోవాలని అది చూపే బలమే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. హద్దు మీరి సాగదీస్తే ఆ గుణం పోతుంది. మరలు కోసుకుపోతాయి, బేరింగుల నడుమనున్న గొట్టం నలిగి బేరింగులు త్వరగా అరుగుతాయి. తక్కువ బిగిస్తే ఇరుసు కదులుతుంది, చైను వంకరపోతుంది, చివరకు నట్టే ఊడిపోవచ్చు.

ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసే అలవాటు మనకు తరతరాలుగా ఉంది. మోటారు సైకిలు ఇరుసు కడ్డీకి కూడా తుప్పు పట్టకుండా పలుచగా గ్రీజు రాయవచ్చు. కాని నట్టు మరలకు నూనె పూయడం వేరు సంగతి. మనం పెట్టే బలంలో పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోతుంది. నూనె ఆ రాపిడిని తగ్గిస్తుంది గనుక అదే బిగింపుకు ఇరుసు మరింత సాగుతుంది. కంపెనీ పుస్తకంలో చెబితే తప్ప మరలకు నూనె వేయరాదు. తుప్పు, మట్టి ఉంటే తీగ బ్రష్షుతో శుభ్రం చేస్తే చాలు.

మరొక ముఖ్య విషయం ఉంది. వెనుక డ్రమ్ము బ్రేకు ఉన్న చాలా బండ్లలో బ్రేకు ప్లేటు తిరగకుండా ఒక రాడ్డు ఆపుతుంది. చక్రం ఎక్కించే హడావుడిలో ఆ రాడ్డు నట్టును మరచిపోతే, బ్రేకు తొక్కగానే ప్లేటు తిరిగి చక్రం పట్టేయవచ్చు. అది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు. ఆ నట్టుకు స్ప్లిట్ పిన్ ఉంటే ప్రతిసారి కొత్తది వేయాలి. పాత పిన్నును వంచి వాడటం, దాని బదులు తీగ చుట్టడం పనికిరావు. చైను సర్దే గుర్తులు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో చూశాకనే ఇరుసు నట్టు బిగించాలి.

ఏ బండికి ఎంత బిగింపో ఆ బండి సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ముందు చక్రానికి, వెనుక చక్రానికి ఒకే అంకె ఉండాలని లేదు. ఒక బండి అంకె మరో బండికి వాడరాదు. కొలత చూపే టార్క్ రెంచి కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. దానితో బిగించడమే గాని విప్పడం చేయరాదు. పని అయ్యాక అంకెను కిందికి దించి పెట్టాలి, ఏడాదికోసారి సరిచూపించాలి.

ఒక్కొక్క పంక్చరు షాపు వారు ఆ ఖర్చు భరించలేకపోవచ్చు. కూడలిలోని నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం కష్టం కాదు. బండ్లు అమ్మే డీలర్లు తమ బండ్ల బిగింపు అంకెలను తెలుగులో ఒక కాగితం మీద అచ్చు వేసి షాపులకు పంచాలి. బ్యాంకుల ఆధ్వర్యంలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలోను, ఐ.టి.ఐ.లలోను ద్విచక్ర వాహన మరమ్మతు నేర్పుతున్నారు. అక్కడ ప్రతి విద్యార్థి చేత టార్క్ రెంచి పట్టించాలి. ఇప్పటికే షాపులు నడుపుతున్న వారికి మండల కేంద్రాలలో ఒక్కరోజు శిక్షణ ఏర్పాటు చేయాలి.

బండి యజమానులకూ బాధ్యత ఉంది. చక్రం విప్పి ఎక్కించిన తరువాత బండిని స్టాండు మీద నిలిపి, చక్రాన్ని రెండు చేతులా పట్టి అటూ ఇటూ కదిపి చూడాలి. ఆట ఉంటే అక్కడే సరిచేయించాలి. బ్రేకు పట్టి చూశాకనే రోడ్డెక్కాలి. ఈ పరీక్షకు పట్టేది రెండు నిమిషాలే. కడశీల చూసుకోకుండా బండి కట్టని రైతు, మోటారు సైకిలు విషయంలోను అదే జాగ్రత్త పాటించాలి. సంబంధిత శాఖల అధికారులు, డీలర్లు ఇకనైనా ఈ దిశగా చర్యలు తీసుకోవలసి ఉంది.