పిన్‌కోడ్ అని వదిలేశారు

మాదాపూర్‌లో పనిచేసే ఎవరినైనా 500081 అంటే ఏమిటని అడగండి. పిన్‌కోడ్ అంటారు, అంతే. ఆఫర్ లెటర్ మీదా, కొరియర్ పొట్లం మీదా, బిర్యానీ ఆర్డర్లోనూ రోజూ కనబడేదే. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ ఇక్కడ లెక్కలొచ్చినవాళ్లకు కొదవ లేదు. ఎంసెట్‌కీ, ఐఐటీకీ రాత్రింబవళ్లు కూర్చున్నవాళ్లే అందరూ. అయినా దీన్ని ఒక్కసారి భాగించి చూసిన పాపాన పోలేదు. అంకెలు కూడి అయిదొచ్చింది, బుధుడి సంఖ్య అని చెప్పేవాళ్లు మాత్రం దొరుకుతారు.

ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో 9999 కోసం లక్షలు పోస్తారు. ముట్టుకుంటే చాలు, ఆ సంఖ్య 3 × 3 × 11 × 101గా విడిపోతుంది. 500081 అలా లొంగే రకం కాదు. 2 నుంచి 223 దాకా 48 ప్రధాన సంఖ్యలు ఓడిపోయాక 227 దగ్గర పట్టుబడుతుంది. 227 × 2203. రెండూ ప్రధాన సంఖ్యలే!

ఈ వీధుల్లో రాసే సాఫ్ట్‌వేర్‌కు కాపలా కాసే ఆర్‌ఎస్‌ఏ తాళం నిలబడింది కూడా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం మీదే. 2048 బిట్ల తాళంలో 617 అంకెలుంటాయి. ఆరంకెల మన సంఖ్యను ఫోను క్షణంలో విప్పేస్తుంది, నిజమే. కానీ జాతి ఒకటే. పైగా 227నీ 2203నీ 4తో భాగిస్తే రెండు చోట్లా శేషం 3. ఇలాంటి లబ్ధాలను బ్లమ్ సంఖ్యలంటారు. ఒక సంఖ్యను వర్గం చేసి, బ్లమ్ సంఖ్యతో భాగించి, శేషాన్ని మళ్లీ వర్గం చేస్తూ యాదృచ్ఛిక బిట్లను పుట్టించే పద్ధతిని 1986లో లెనోర్ బ్లమ్, మాన్యుయెల్ బ్లమ్, మైకేల్ షబ్ ప్రచురించారు. లబ్ధం తగినంత పెద్దదైతే, కారణాంకాలు తెలియనివాడికి అందులో వెనక్కి నడిచే దారి దొరకదు.

ఇక 2203 సంగతి. 2203 రెళ్లను వరసగా హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చే 664 అంకెల సంఖ్య కూడా ప్రధానమే. 1952లో రాఫెల్ రాబిన్సన్ లాస్ ఏంజెలెస్‌లోని స్వాక్ కంప్యూటర్‌తో దాన్ని కనిపెట్టాడు. ఇలాంటి మెర్సెన్ ప్రధాన సంఖ్యలు 2024 చివరికి మనకు తెలిసినవి 52 మాత్రమే. వాటిలో ఒకదాని ఘాతాంకం మన చిరునామాలో దాగుంది!

తపాలా శాఖవాళ్లు ఇవేవీ చూసి ఇవ్వలేదు. 5 మన ప్రాంతానిది, 500 హైదరాబాద్‌ది, మిగతా మూడూ తపాలా కార్యాలయానివి. అడక్కుండా దక్కిన ఇంత మంచి సంఖ్యను ఇలా గాలికొదిలేయడమే నాకు కష్టంగా ఉంది. కొత్త ఉద్యోగులకు ఆర్‌ఎస్‌ఏ చెప్పేటప్పుడు 77నో 143నో ఎందుకు రాస్తారు? ఆఫీసు గుమ్మం మీదున్న 500081 రాయండి. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో రెండు కారణాంకాలతో ఒక బోర్డు పెట్టండి. మాదాపూర్ బడుల్లో పిల్లలను 1215 వర్గంలోంచి 988 వర్గం తీసేయమనండి. వచ్చేది 500081. దాన్ని 227, 2203గా విడగొట్టడానికి పదో తరగతి లోపు నేర్చిన సూత్రమే సరిపోతుంది.